మారా మైదానంలో మొదటి రోజు

పిల్లలూ! "సఫారీ" అనే మాట మీకు తెలిసే ఉంటుంది. హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో కిటికీలకు వల బిగించిన బండి ఎక్కి, సింహాలను చూచి వచ్చినవారు మీలో కొందరైనా ఉంటారు. కాని ఆ మాటకు అసలు అర్థం జంతువులను చూడటం కాదు. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం, అంతే! సంతకు పోయినా సఫారీయే, చుట్టాల ఇంటికి పోయినా సఫారీయే. అరబ్బీ భాషలోని "సఫర్" అనే మాటనుంచి అది పుట్టింది. మన పట్టణాలలో బాటసారులు దిగే ముసాఫరుఖానాలు ఉండేవి గదా, ఆ "ముసాఫరు" కూడా ఆ చెట్టు కొమ్మే.

ఇప్పుడు మీరంతా మాతో ఒక సఫారీకి రావాలి. మేమంటే నేనూ, మీ అత్తయ్యానూ. వెళ్లేది కెన్యా దేశంలో ఉన్న మసాయి మారా అనే చోటికి. ఒక్క రోజు సంగతే చెపుతాను. ఆ రోజున నేను చాలా వింతలు చూచాను; ఒక పెద్ద తప్పు కూడా చేశాను. రెండూ దాచకుండా చెపుతాను. వినండి.

కెన్యాకు పోవాలంటే ముందుగా ఒక సూది పొడిపించుకోవాలి. ఎల్లో ఫీవరు అనే జ్వరం ఒకటి ఉన్నది. దోమకాటు వల్ల వస్తుంది. ఆ జ్వరం మన దేశంలో లేదు. అక్కడికి పోయి వచ్చేవారు దానిని వెంటబెట్టుకుని రాకుండా, ప్రయాణానికి కనీసం పదిరోజుల ముందే టీకా వేయించుకుని, ఆ కాగితం దగ్గర ఉంచుకోవాలి. టీకా అయింది. మీ అత్తయ్య ఒక డబ్బా నిండా చేగోడీలు చేసింది. బొంబాయిలో విమానం ఎక్కితే సుమారు ఆరు గంటలలో అరేబియా సముద్రం దాటి, కెన్యా రాజధాని అయిన నైరోబీలో దిగాము. అక్కడ దిగగానే గడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కు తిప్పుకోవాలి. మనకు తెల్లవారిన చాలాసేపటికిగాని వారికి తెల్లవారదు.

అది ఆగస్టు నెల. భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా ఉన్న ఊరు గనుక మండిపోతుందనుకున్నాము. తీరా చూస్తే శాలువలు కప్పుకోవలసి వచ్చింది! నైరోబీ సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉన్నది. మన అరకులోయకన్నా ఎంతో ఎత్తు. అందుకే ఆ చలి.

ఆ సాయంకాలం మేము బస చేసిన చోట కాపలాదారు నా దగ్గరకు వచ్చి, "కేషో, గారీ, సా మోజా" అని చెప్పి వెళ్లాడు. నేను విమానంలో కూర్చుని స్వాహిలీ మాటలు కొన్ని వల్లించి ఉన్నాను. కేషో అంటే రేపు. గారీ అంటే బండి. సా అంటే గంట. మోజా అంటే ఒకటి. రేపు ఒంటిగంటకు బండి వస్తుందన్నమాట! మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరితే చీకటి పడేలోగా చేరలేము. కనుక అది అర్ధరాత్రి దాటిన తరువాత ఒంటిగంటే అయి ఉండాలని తేల్చాను.

"అర్ధరాత్రి వేళ బండి ఎవరు తోలుకొస్తారండీ? మళ్లీ ఒకసారి అడగరాదూ?" అన్నది మీ అత్తయ్య.

"నాకు భాష వచ్చునుగా!" అన్నాను నేను.

నేను కోటూ బూట్లూ తొడుక్కుని పెట్టెమీద కూర్చున్నాను. ఒంటిగంట అయింది, రెండయింది, నాలుగయింది. బండి లేదు. మీ అత్తయ్య హాయిగా నిద్రపోయి లేచి, ముఖం కడుక్కుని, కాఫీ తాగుతుండగా సరిగ్గా ఏడు గంటలకు బండి వచ్చింది.

సంగతి విని బండి నడిపే అబ్బాయి పగలబడి నవ్వాడు. స్వాహిలీ వారు గంటలను తెల్లవారినప్పటినుంచి లెక్కపెడతారట. మనం ఉదయం ఏడు అనేది వారికి మొదటి గంట. ఎనిమిది అనేది రెండో గంట. ఇందులో వింత ఏమున్నది? మన పెద్దలు కూడా సూర్యోదయం మొదలుకొని ఇన్ని ఘడియలయిందని లెక్కించేవారు. ఘడియ అంటే 24 నిమిషాలు. పైగా ఆ దేశం భూమధ్యరేఖమీద ఉన్నది. అక్కడ ఏడాది పొడుగునా సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు ఉదయించి, ఒకే వేళకు అస్తమిస్తాడు. కనుక ఆ లెక్క చక్కగా సరిపోతుంది. మొత్తానికి భాష వచ్చిన నాకు నిద్ర లేకపోయింది, రాని మీ అత్తయ్యకు ఉన్నది!

ఇంకొక తమాషా చెప్పాలి. ఆ అబ్బాయి మీ అత్తయ్యకు నమస్కరించి, "రండి, మామా" అన్నాడు. మామయ్యను నేను ఇక్కడ ఉండగా ఆమెను మామా అంటాడేమిటి అనుకున్నాను. స్వాహిలీలో "మామా" అంటే అమ్మ. పెద్దవారైన ఆడవారినందరినీ అలాగే పిలుస్తారు. నన్ను "బ్వానా" అన్నాడు. అంటే అయ్యగారూ అని.

బండిని "గారీ" అన్నారు చూచారా? అది మన "గాడీ"యే! కొట్టును "దూకా" అంటారు, దుకాణం అన్నమాట. చపాతీకి చపాతీ, చాయకు చాయ. ఈ మాటలు అక్కడికి ఎలా పోయాయి? హిందూమహాసముద్రం మీద ఎంతో కాలంగా వచ్చిపోయిన మన వర్తకులవల్ల కొన్ని పోయాయి. తరువాత ఇంగ్లీషువారు 1896 మొదలు 1901 వరకూ మొంబాసా రేవునుంచి విక్టోరియా సరస్సు దాకా రైలుదారి వేశారు. ఆ పనికి మన దేశంనుంచి 30 వేలమందికి పైగా కూలీలను ఓడలలో తీసుకుపోయారు. వారిలో సుమారు 2,500 మంది తిరిగి రాలేదు; జబ్బులతోనూ, ప్రమాదాలలోనూ చనిపోయారు. 1898లో సావో అనే చోట వంతెన కడుతుండగా రెండు సింహాలు రాత్రిళ్లు గుడారాలలో దూరి కూలీలను ఎత్తుకుపోయేవి. చివరకు వాటిని కాల్చి చంపారు. నైరోబీ కూడా 1899లో ఆ రైలుదారి పక్కన వెలసిన మజిలీయే. అప్పుడు అది ఉత్త చిత్తడినేల. ఇప్పుడు అక్కడ మేడలు ఆకాశాన్ని అంటుతున్నవి.

ఇక బయలుదేరుదాం. మా బండి జీపువంటిదే, కాని పెద్దది. పైకప్పును గొడుగులాగా పైకి ఎత్తవచ్చు. మారా అక్కడికి సుమారు 270 కిలోమీటర్లు. తేయాకు తోటలూ, కూరగాయల మళ్లూ దాటి కొంత దూరం పోయేసరికి అబ్బాయి బండి ఆపి, "దిగి చూడండి" అన్నాడు.

దిగాము. నాలుగు అడుగులు వేశామో లేదో, మీ అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. మా కాళ్లముందు భూమి లేదు! ఒక్కసారిగా కిందికి, ఎంతో లోతుకు దిగిపోయింది. అడుగున పొలాలు చాపలు పరిచినట్టున్నవి. దూరాన లాంగొనాట్ అనే నిద్రాణమైన అగ్నిపర్వతం మొన విరిగిన బోర్లించిన గరాటులాగా ఉన్నది. అదే మహాభ్రంశలోయ, రిఫ్టు వ్యాలీ. ఆఫ్రికా ఖండం తూర్పు భాగం మిగిలిన భాగంనుంచి విడిపోతున్నది. మధ్యనున్న నేల కుంగి ఈ లోయ ఏర్పడింది. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే జరుగుతుంది. మీ చేతి గోరు పెరిగే వేగంకన్నా కూడా తక్కువ. కాని లక్షల సంవత్సరాలు అలా జరిగితే ఏమవుతుందో చూడండి!

లోయలోకి దిగి, నారోక్ అనే ఊరు దాటాము. అక్కడినుంచి మసాయి ప్రజల నేల. ఎర్రని గళ్ల దుప్పట్లు భుజాన ముడివేసుకుని, చేత పొడుగాటి కర్రలు పట్టుకుని, మీ యీడు పిల్లలు ఆవుల మందలను తోలుకుపోతున్నారు. వారికి ఆవులే సిరి. ఎవరికి ఎన్ని ఆవులుంటే వారు అంత ధనవంతులు. వారి మా భాషలో "మారా" అంటే చుక్కలు చుక్కలుగా ఉన్నదని అర్థం. పచ్చికబయలు మీద అక్కడక్కడా చెట్లూ, పొదలూ, మబ్బుల నీడలూ పడి ఆ నేల నిజంగా చుక్కలపొడి చల్లినట్టే ఉంటుంది.

మారా రక్షితప్రదేశం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. 1961లో అక్కడ జంతువులకు రక్షణ ఏర్పాటు చేశారు. దానికి దక్షిణాన, టాంజానియా దేశంలో, సెరెంగెటి జాతీయవనం ఉన్నది. అది దీనికి తొమ్మిది రెట్లకు పైగా పెద్దది. రెండు దేశాలకు మధ్య సరిహద్దు ఉన్నా, ఈ రెండు వనాలకు మధ్య కంచె లేదు. మనుషులకు ప్రవేశపత్రాలు కావాలి, జంతువులకు అక్కరలేదు.

ద్వారం దాటి పది నిమిషాలయినా కాలేదు, బండికి రెండు పక్కలా జంతువులే! లెక్కపెట్టబోయి మానుకున్నాము. ముందు చారల గుర్రాలు. వీటిని స్వాహిలీలో "పుండా మిలియా" అంటారు, అంటే చారల గాడిద అని. ఏ రెండింటి చారలూ ఒకేలాగా ఉండవు, మన వేలిముద్రలలాగే. ఈ చారలెందుకో తెలుసుకోవటానికి శాస్త్రజ్ఞులు మామూలు గుర్రాలకు చారల గుడ్డలు కప్పి చూచారు. కుట్టే ఈగలు చారలమీద సరిగా వాలలేకపోయినవి. చారలు ఈగలను తోలే విసనకర్రలన్నమాట!

వాటి పక్కనే విల్డెబీస్టులు. దీనిని చేసేటప్పుడు బ్రహ్మదేవుడి దగ్గర సామాను తక్కువయింది కాబోలు, అన్నింటిలోనుంచీ కాస్త కాస్త తీశాడు. కొమ్ములు గేదెవి, తోక గుర్రానిది, గడ్డం మేకది! ఇవి లక్షలకొద్దీ ఏటా సెరెంగెటినుంచి మారాకు, మారానుంచి సెరెంగెటికి వానల వెంట తిరుగుతాయి. వాన ఎక్కడ పడితే అక్కడ గడ్డి మొలుస్తుంది. గడ్డి ఎక్కడ ఉంటే అక్కడికి ఇవి పోతాయి. జూలై, ఆగస్టు నెలలలో మొసళ్లు కాచుకుని ఉండే మారా నదిని ఈది ఇవతలికి వస్తాయి.

ఇన్ని జంతువులు ఒకే గడ్డి తింటే తగువు రాదా? రాదు. మన పెళ్లిళ్లలో బంతులు వేసినట్టుగా వాటి భోజనం మూడు బంతులలో సాగుతుంది. మొదటి బంతి చారల గుర్రాలది. అవి పొడుగాటి ముదురు గడ్డిని తిని పోతాయి. రెండో బంతి విల్డెబీస్టులది. అవి దిగువనున్న ఆకులను మేస్తాయి. ఆ తరువాత నేలబారున కొత్తగా వేసే లేత చిగుళ్లు థామ్సన్ జింకలకు. ఈ జింకలు మేకపిల్లలంత ఉంటాయి. పక్కన నల్లని పట్టె, ఎప్పుడూ ఊగే పొట్టి తోక. ఈ చిన్న జింకలను గుర్తుంచుకోండి. మన కథలో ఇవి మళ్లీ వస్తాయి.

ఒక తుమ్మచెట్టు మీదినుంచి తల ఒకటి మమ్మల్ని చూచింది. జిరాఫీ! అంత పొడుగు మెడలో ఎముకలెన్ని ఉంటాయనుకుంటున్నారు? ఏడే. మీ మెడలోనూ ఏడే. కాకపోతే దాని ఎముక ఒక్కొక్కటీ జానెడు బారుకు మించి ఉంటుంది. తలదాకా నెత్తురు ఎక్కించటానికి దాని గుండె సుమారు 11 కిలోల బరువుంటుంది. అరమూరకు మించిన నాలుకతో ముళ్లమధ్యనుంచి ఆకులను సుతారంగా లాగి తింటున్నది.

ఒంటిగంటకు, మన ఒంటిగంటకే సుమా, మా గుడారం చేరాము. భోజనం చేసి, నాలుగు గంటలకు మళ్లీ బండి ఎక్కాము. అబ్బాయి పైకప్పు ఎత్తి, మూడు మాటలు చెప్పాడు: బండి దిగరాదు, జంతువులకు తినటానికి ఏమీ వెయ్యరాదు, గొంతెత్తి మాట్లాడరాదు. "అలాగే" అన్నాము ఇద్దరమూ.

మొదట ఏనుగుల కుటుంబం ఒకటి దారికి అడ్డంగా నడిచింది. మన ఏనుగుల చెవులకన్నా వీటి చెవులు చాలా పెద్దవి, చేటలకు చేటలు. మన ఆడ ఏనుగులకు బయటికి కనిపించే కొమ్ములు ఉండవు. ఇక్కడ ఆడవాటికి కూడా ఉంటాయి. మన ఏనుగు తొండం కొసన ఒక వేలు వంటిది ఉంటే, వీటికి రెండున్నవి. చిన్న గున్న ఒకటి తల్లి కాళ్లమధ్య నడుస్తూ మావైపు చెవులు విప్పి బెదిరించింది. మీ అత్తయ్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంకొంత దూరం పోయేసరికి మూడు బండ్లు ఇంజన్లు ఆపుకుని దారిమీద నిలబడి ఉన్నవి. మా అబ్బాయి కూడా వాటికి వెనకగా ఆపి, వేలు చూపించాడు. దూరాన ఒక చెదలపుట్ట, దానిమీద చీతా!

చీతా అంటే చిరుతపులి అనుకునేరు. కాదు. చిరుతపులి మచ్చలు పువ్వు రేకులలాగా గుంపులుగా ఉంటాయి. చీతావి విడివిడి చుక్కలు. చీతాకు కళ్లనుంచి నోటిదాకా రెండు నల్లని చారలు దిగుతాయి, ఏడ్చిన పిల్లకు కాటుక కరిగి కారినట్టు. చీతా అనే పేరు సంస్కృతంలోని "చిత్రక" అనే మాటనుంచి వచ్చింది. అంటే చుక్కలు గలది. చుక్కల నేలమీద చుక్కల జంతువు! మన దేశంలోనూ ఒకప్పుడు చీతాలు ఉండేవి. వేటలకు బలియై పోయాయి. 1952లో అవి ఇక లేవని ప్రభుత్వం ప్రకటించింది. 2022లో నమీబియానుంచి ఎనిమిదింటిని, 2023లో దక్షిణాఫ్రికానుంచి పన్నెండింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో విడిచారు. 2016లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తంమీద అడవులలో మిగిలిన చీతాలు సుమారు 7,100 మాత్రమే.

"ఏమండీ, ఆ పుట్ట కింద గడ్డి కదులుతున్నది" అన్నది మీ అత్తయ్య మెల్లగా.

గడ్డిలోనుంచి బూడిదరంగు జూలుతో ఒక చిన్న తల లేచింది. దాని వెనక ఇంకొకటి. "మోజా, మ్బిలి..." అని లెక్కపెట్టింది మీ అత్తయ్య. ఒకటి, రెండు. కాసేపటికి మూడోది కూడా దొర్లుకుంటూ వచ్చి తల్లి తోకను పట్టుకున్నది. "టాటు!" అన్నది. అంటే మూడు.

"తల్లి కడుపు చూడండి, మామా. వెన్నుకు అంటుకుని ఉన్నది. నిన్నటినుంచీ తిన్నట్టు లేదు" అన్నాడు అబ్బాయి.

నేను కెమెరా తీశాను. అంత దూరంనుంచి చీతా చీమంత కనబడుతున్నది. "ఇంకాస్త దగ్గరకు పోనియ్యి" అన్నాను.

"పోలే పోలే, బ్వానా" అన్నాడతడు. నెమ్మది, నెమ్మది అని. సింహాలూ, దుమ్ములగొండ్లూ ఎక్కువగా రాత్రిళ్లు వేటాడతాయట. వాటితో పోట్లాడే బలం చీతాకు లేదు. అందుకని అది పగలు వేటాడుతుంది. పగలే మన బండ్లు కూడా తిరుగుతాయి. అదీ దాని కష్టం.

నాకు ఆ మాటలు తలకెక్కలేదు. సముద్రం దాటి వచ్చింది ఇందుకేనా అని లోపల విసుక్కుంటున్నాను.

అంతలో చీతా లేచింది. కొంచెం దూరంలో థామ్సన్ జింకలు ఎనిమిదో తొమ్మిదో మేస్తున్నవి. చీతా తల దించి, ఒళ్లు నేలకు ఆనించి, ఒక్కొక్క అడుగూ వేస్తున్నది. ఒక జింక తల ఎత్తింది. చీతా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి బొమ్మలాగా నిలబడిపోయింది. జింక మళ్లీ తల దించింది. మళ్లీ అడుగు. పిల్లలు మూడూ పుట్ట దగ్గర కదలకుండా కూర్చుని తల్లివైపే చూస్తున్నవి. చీతా గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని కూడా అందుకోగలదు. కాని ఆ పరుగు కొన్ని వందల మీటర్లే. ఆ తరువాత ఆయాసం తీరేవరకు కదలలేదు. కనుక అది ఎంత దగ్గరకు చేరితే అంత మంచిది. ఇంకొక పదిహేను అడుగులు చేరితే చాలు.

చీతా వెనక కాళ్లు ముడుచుకున్నది. నేను బండిలో సీటుమీదికి ఎక్కి, "అదిగో, అదిగో! దూకబోతున్నది! చూడు!" అని గట్టిగా అరిచాను.

జింకలన్నీ ఒక్కసారి తలలెత్తినవి. మరుక్షణంలో అక్కడ ఒక్కటీ లేదు. బంతులలాగా ఎగిరెగిరి పోయినవి.

చీతా పరుగెత్తనే లేదు. లేచి నిలబడి, జింకలు పోయిన దిక్కుకు కొంచెంసేపు చూచింది. తరువాత పిల్లలవైపు తిరిగి కిచకిచమన్నది. చీతా సింహంలాగా గర్జించలేదు, పిల్లా! పిట్టలాగా కూస్తుంది. పిల్లలు పరుగెత్తుకుని వచ్చి దాని మూతి వాసన చూచాయి. మూతికి ఏమీ అంటి లేదు.

పక్క బండ్లలోనివారు నావైపు చూచారు. ఎవరూ ఏమీ అనలేదు. అబ్బాయి కూడా ఏమీ అనలేదు. మీ అత్తయ్య మాత్రం, "తల్లి నోటిదగ్గర కూడు పడగొట్టారు గదండీ!" అన్నది.

నేను సీటుమీదినుంచి దిగి కూర్చున్నాను. కెమెరా పెట్టెలో పెట్టేశాను. ఆ కెమెరాలో ఆ రోజు చీతా బొమ్మ ఒక్కటీ పడలేదు.

ఇల్లు చేరిన తరువాత ఈ సంగతి గురించి చదివాను. మారాలోనే చేసిన ఒక పరిశోధన 2018లో అచ్చయింది. బండ్ల రద్దీ తక్కువగా ఉన్న చోట్ల చీతా తల్లి సగటున రెండు పిల్లలకు పైగా పెంచి పెద్దచేస్తున్నది. రద్దీ బాగా ఉన్న చోట్ల అయిదుగురు తల్లులకు కలిపి ఒక్క పిల్ల దక్కుతున్నది! దక్షిణాఫ్రికాలో చేసిన ఇంకొక పరీక్ష 2023లో అచ్చయింది. నీటి మడుగుల దగ్గర పెట్టెలు దాచి, వాటిలోనుంచి ఒకసారి సింహాల చప్పుడు, ఒకసారి మనుషుల మాటలు వినిపించారు. సింహాల చప్పుడుకన్నా మామూలు మనిషి మాటకే జంతువులు ఎక్కువగా పారిపోయాయి. అందులో ఆశ్చర్యపడవలసింది లేదు. ఒకప్పుడు సఫారీ అంటే తుపాకులతో వేటే. 1909లో బయలుదేరిన అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్వెల్టూ, ఆయన కుమారుడూ కలిసి ఒక్క సఫారీలో 500కు పైగా జంతువులను చంపారు. కెన్యాలో 1977లో వేటను నిషేధించారు. తుపాకి పోయింది, కెమెరా వచ్చింది. నేను కెమెరా పట్టుకుని వచ్చాను గనుక మంచివాణ్ణే అనుకున్నాను. నా నోరు కూడా తుపాకిలాగా పేలగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

పొద్దు వాలింది. చీతా తోక కొసన తెల్లని కుచ్చు గడ్డిమీద కదులుతూ పోయింది. దాని వెంట గడ్డిలో మూడు చిన్న దారులు. చీకటి పడకముందే మేము గుడారం చేరాలి, అది అక్కడి కట్టుబాటు. దారిలో అబ్బాయికి చేగోడీల డబ్బా ఇచ్చింది మీ అత్తయ్య. అతడు ఒకటి కొరికి, బాగున్నదని తల ఊపి, "బ్వానా, చీతా పదిసార్లు వేటకు పోతే చాలాసార్లు ఉత్త చేతులతోనే వస్తుంది. అది మళ్లీ ప్రయత్నిస్తుంది" అన్నాడు. నన్ను ఓదార్చటానికే అన్నాడని నాకు తెలుసు.

రాత్రి భోజనంలో చపాతీలు, పప్పుకూర పెట్టారు. నాకు సయించలేదు. గుడారంలో దీపం ఆర్పిన తరువాత చప్పుళ్లు మొదలయినవి. నదిలోనుంచి నీటిగుర్రాల గుర్రుగుర్రు. ఎక్కడో దూరాన సింహం. దాని గర్జన ఎనిమిది కిలోమీటర్ల దూరానికి కూడా వినబడుతుందట. తరువాత "ఊ... ఊప్" అంటూ దుమ్ములగొండ్లు. చీతాపిల్లలకు ఇవే శత్రువులు. కడుపు నిండిన తల్లి పిల్లలను దూరంగా తీసుకుపోయి దాచగలదు. ఆకలిగా ఉన్న తల్లి ఏమి చెయ్యగలదు?

"నిద్రపోయారా?" అన్నది మీ అత్తయ్య.

"లేదు."

"నాకూ రావటం లేదు."

మొదటి రోజు అంతటితో అయిపోయింది. కాని ఇక్కడ ఆపితే మీరు నన్ను వదలరు. రెండో రోజు సంగతి ఒక్కటి మాత్రం చెపుతాను.

తెల్లవారగానే అబ్బాయి మేము అడగకుండానే బండిని నిన్నటి పుట్టవైపు పోనిచ్చాడు. పుట్ట దగ్గర ఏమీ లేదు. గంటసేపు తిరిగాము. చివరకు ఒక వాగు పక్కన, తుమ్మచెట్టు నీడలో, ఒక రాబందు వాలి ఉండటం అతడు చూచాడు. బండి దూరాన ఆపి ఇంజను కట్టేశాడు.

చీతా పక్కకు పడుకుని రొప్పుతున్నది. ముందర ఒక జింక. దాని పక్కన రెండు పిల్లలు తలలు దూర్చి తింటున్నవి. ముక్కులు ఎర్రగా ఉన్నవి.

"మోజా," అన్నది మీ అత్తయ్య, పెదవులు మాత్రం కదిలిస్తూ. "మ్బిలి."

మూడోది లేదు. మీ అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది. నేను రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. రాబందు ఇంకొకటి వచ్చి వాలింది. అప్పుడు వాగు గట్టునున్న గడ్డి కదిలింది. మూడోది, అన్నింటికన్నా చిన్నది, తడిసిన కాళ్లు దులుపుకుంటూ వచ్చి, మిగిలిన రెండింటి మధ్యా తల దూర్చింది.

మా బండిలో ఎవరమూ మాట్లాడలేదు.

పిల్లలూ! మీరు నేలపట్టులో గూడబాతులను చూడబోయినా, నల్లమలలో జింకలను చూడబోయినా, ఆ వేళ వాటికి అన్నం వేళ అయి ఉండవచ్చు, పిల్లలను సాకే వేళ అయి ఉండవచ్చు. దూరాన నిలబడండి. నోరు మూసుకుని, కళ్లు బాగా తెరచి చూడండి. బొమ్మ పడకపోయినా ఫరవా లేదు. ఆ మూడు పిల్లల బొమ్మ నా దగ్గర కూడా లేదు. కాని అవి ఎలా తిన్నాయో మీ అత్తయ్యను అడగండి, ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెపుతుంది.